కళాశాల విద్యార్థులు మత్తుపదార్థములకు లోనగుటకు గల కారణములు: కాపరులకు ఒక పరిశీలన

యౌవనస్థుల కూడికలలో మత్తుపదార్థములను గూర్చి మాటలాడునప్పుడు మన ప్రసంగీకులు సాధారణముగా మూడు కారణములు చెప్పుదురు: చెడు స్నేహము, సినిమా, ప్రార్థన లేని జీవితము. వీటిలో ఏదియు అబద్ధము కాదు. అయితే ఆ ప్రసంగము వినుచు వెనుక బల్లమీద కూర్చున్న ఒక ఇంజనీరింగు విద్యార్థిని తలంచుకొందము. గంజాయి లేనిదే అతనికి నిద్రపట్టక ఆరు నెలలైనది. అతని స్నేహితులు చెడ్డవారు కారని అతనికి తెలియును. వారిలో ఒకడు కిందటి సెమిస్టరులో అతని పరీక్ష ఫీజు కట్టినవాడు. అతడు సినిమా చూచి మొదలుపెట్టలేదు. ప్రార్థన సంగతి చెప్పవలెనంటే, దీనిని మాన్పించుమని అతడు మనలో అనేకులకంటె ఎక్కువసార్లు మోకరించి యుండును. కాబట్టి ఈ ప్రసంగము మరెవరినో గూర్చినదని అనుకొని అతడు లేచి వెళ్లిపోవును. లేదా, ఎంత ప్రార్థించినను మానలేకపోతిని గనుక దేవుడు నన్ను విడిచెనని అనుకొని వెళ్లిపోవును. ఈ రెండవ తలంపుతో వెళ్లినవాడు మరల మన యొద్దకు వచ్చుట అరుదు.

మేము ఈ వ్యాసములో చెప్పదలచినది క్లుప్తముగా ఇది. విద్యార్థులలో చాలమంది మత్తుపదార్థమును మొదట ఏదో ఒక బాధకు ఉపశమనముగా కనుగొందురు. కుతూహలముతో రుచి చూచినవారు పదిమంది యున్నను, దానిని విడువలేకపోవువారు ఎక్కువగా ఆ ఉపశమనము అవసరమైనవారే. ఆ బాధ ఏమిటో అడుగక, వాడకమును మాత్రమే ఖండించినయెడల విద్యార్థి దాచుట నేర్చుకొనును. దాచుట వలన వ్యసనము ముదురును. ఆ విధముగా మనకు తెలియకుండనే మన సంఘము కూడ కారణముల జాబితాలో చేరును.

ఏ పదార్థములను గూర్చి మాటలాడుచున్నాము?

మాదకద్రవ్యము అనగానే మన విశ్వాసులకు హెరాయిన్, కొకెయిన్ వంటి పేర్లు గుర్తుకువచ్చును. మన ప్రాంతపు కళాశాలలలో వాస్తవముగా కనబడునవి వేరు. మొదటి స్థానము మద్యమునకే. దాని తరువాత సిగరెట్టు, ఖైనీ, గుట్కా. వాటి వెంట గంజాయి, దాని నూనె. మందుల దుకాణమునుండి వచ్చునవి మరొక వర్గము: నిద్రమాత్రలు, కోడీన్ కలిసిన దగ్గు మందు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు. ట్రమడాల్ దుర్వినియోగము ఎంత పెరిగెనంటే 2018లో దానిని మాదకద్రవ్యముల చట్టము పరిధిలోనికి తేవలసి వచ్చెను. నగరములలో ఎండీఎంఏ, ఎల్ఎస్డీ వంటివి కూడ ప్రవేశించెను. 2017 జూలైలో హైదరాబాదులో ఎక్సైజ్ శాఖ పట్టుకొనిన కేసులో పాఠశాల, కళాశాల విద్యార్థుల ప్రస్తావన వచ్చినప్పుడు అనేకమంది తల్లిదండ్రులు ఆ పేర్లను మొదటిసారి వినిరి.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశవ్యాప్తముగా జరిపిన సర్వే 2019లో ప్రచురింపబడెను. 10 మొదలు 75 ఏండ్లవరకు వయస్సు గలవారిలో 14.6 శాతము మంది మద్యము వాడుచున్నట్లు, 2.8 శాతము మంది గంజాయి, భంగు, చరస్ వంటివాటిలో ఏదో ఒకటి వాడుచున్నట్లు అందులో తేలెను. ఆ నివేదికలో మమ్మును ఎక్కువగా కలవరపరచిన అంకె వేరొకటి. వైట్నరు, జిగురు, పెట్రోలు వంటివాటిని పీల్చు అలవాటు పెద్దలలో 0.58 శాతము కాగా, 10 మొదలు 17 ఏండ్ల పిల్లలలో 1.17 శాతము. పెద్దలకంటె పిల్లలే ఎక్కువగా వాడు పదార్థము ఇది యొక్కటే. అనగా మనము కళాశాలలో చూచుచున్న వ్యసనము కొందరి విషయములో ఆదివార బడి వయస్సులోనే మొదలైనది.

గంజాయి గూర్చి విద్యార్థులు చెప్పుకొను ఒక మాటకు కాపరి జవాబు ఎరిగి యుండవలెను. "అది ఆకు, ప్రకృతిసిద్ధము, అలవాటు పడదు" అని వారందురు. గంజాయి వాడినవారిలో సుమారు పదిమందిలో ఒకరు దానిపై ఆధారపడుదురనియు, పదునెనిమిదేండ్లకు లోపే ప్రారంభించినవారిలో సుమారు ఆరుగురిలో ఒకరు ఆ స్థితికి వచ్చెదరనియు పరిశోధకుల అంచనా. చిన్న వయస్సులో ఎక్కువగా వాడినవారికి మతిభ్రమణ వ్యాధులు వచ్చు అవకాశము అధికమని కూడ తెలిసినది. దీనిని అతిశయోక్తి లేకుండ చెప్పుట మంచిది. ఒక్కసారి పీల్చినవాడు పిచ్చివాడగునని మనము బోధించినయెడల, పీల్చి కూడ మామూలుగా నున్న తన స్నేహితుని చూచి విద్యార్థి మన మిగిలిన మాటలను కూడ నమ్మడు.

దొరుకుట

మన రాష్ట్రములకు ఇది విశేషమైన సమస్య. ఆంధ్ర ఒడిశా సరిహద్దులోని తూర్పు కనుమలలో, ముఖ్యముగా ఒకప్పటి విశాఖ ఏజెన్సీ ప్రాంతమైన నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, గంజాయి సాగు చాలకాలముగా ఉన్నది. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు "ఆపరేషన్ పరివర్తన" పేరిట వేల ఎకరములలో తోటలను నరికివేసిరి. అక్కడి గిరిజన రైతుకు కాఫీ, పసుపు, మిరియము అమ్ముకొనుటకు సరియైన దారి లేకపోగా, గంజాయి వ్యాపారి పెట్టుబడితో ఇంటికే వచ్చును. ఆ రైతును నేరస్థునిగా మాత్రమే చూచుట న్యాయము కాదని మా అభిప్రాయము. ఆ కనుమలనుండి సరుకు హైదరాబాదుకు, బెంగళూరుకు పోవు మార్గములో మన కళాశాల పట్టణములు ఉన్నవి. చిన్న పొట్లము ధర విద్యార్థి చేతిఖర్చులో ఇమిడిపోవును. కొంతకాలమునకు చేతిఖర్చు చాలదు. అప్పుడు అమ్మువాడు, నాలుగు పొట్లములు అమ్మిపెట్టినయెడల నీది ఉచితమనును. ఆ దినమునుండి ఆ విద్యార్థి చట్టము దృష్టిలో వాడువాడు మాత్రమే కాడు, అమ్మువాడు కూడ. తల్లిదండ్రులకు సంగతి తెలియునది తరచుగా పోలీస్ స్టేషను నుండి ఫోను వచ్చినప్పుడే.

2003 నాటి చట్టము ప్రకారము విద్యాసంస్థలకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదు. ఏ కళాశాల ద్వారము ఎదుటనైనను నిలువబడి చూచిన, దానిని గూర్చి వేరుగా వ్రాయనక్కరలేదు.

దొరుకుట ముఖ్యమైన కారణమే. అయినను ఒకే హాస్టలు గదిలో నలుగురు ఉందురు; నలుగురికిని అదే పొట్లము అందును; ఇద్దరు రుచి చూచి మానుదురు, ఒకడు ముట్టడు, ఒకడు దానిలో మునిగిపోవును. ఆ నాల్గవవాడే ఎందుకు? తక్కిన వ్యాసము ఆ ప్రశ్నను గూర్చినదే.

శరీరములో జరుగునది

కవలపిల్లలపై జరిగిన అధ్యయనముల ప్రకారము, వ్యసనమునకు లోనగు స్వభావములో సుమారు సగము వంశపారంపర్యముగా వచ్చును. తండ్రి, తాత త్రాగుబోతులైన కుటుంబములోని కుమారుడు మిగిలిన ముగ్గురితో సమానమైన స్థలమునుండి పరుగు మొదలుపెట్టుట లేదు. ఇది విధి కాదు. అటువంటి కుటుంబములలో అసలు ముట్టనివారు ఎందరో కలరు. అయినను మన సంఘములలో తండ్రి మారుమనస్సు పొంది సారా విడిచిన కుటుంబములు అనేకము. తండ్రి సాక్ష్యము చెప్పును. కుమారునికి "నీకు ఈ ప్రమాదము ఇతరులకంటె ఎక్కువ" అని చెప్పువారు లేరు.

రెండవ సంగతి వయస్సు. మెదడులో తొందరపాటును అదుపుచేసి, పర్యవసానము ఆలోచించు ముందుభాగము ఇరువది అయిదేండ్ల ప్రాంతమువరకు ఎదుగుచునే యుండును. సంతోషమును, ఉద్రేకమును కోరు భాగములు అంతకు చాలముందే చురుకగును. బండికి ఇంజను ముందు బిగించి, బ్రేకులు తరువాత బిగించినట్లుండును. మత్తుపదార్థములు మెదడులో డోపమిన్ అను రసాయనమును అసహజముగా పెంచును. కొన్ని నెలలకు మెదడు దానికి అలవాటుపడి, అదే మోతాదుకు తక్కువగా స్పందించును. భోజనము, స్నేహము, ఆట, పాట ఇవేవియు మునుపటి సంతోషమునియ్యవు. ఈ దశలో ఉన్న విద్యార్థి ఆరాధనలో జీవము లేనివానివలె నిలువబడినప్పుడు అతని హృదయము కఠినమైనదని మనము తీర్పు తీర్చెదము.

మూడవది, ఆపినప్పుడు శరీరము చేయు తిరుగుబాటు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీకల్లుపై ఎక్సైజ్ శాఖ దాడులు చేసినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందలమంది వణకుచు, మూర్ఛలతో, విచిత్రముగా ప్రవర్తించుచు ఆసుపత్రులకు వచ్చిరి. వారు త్రాగుచున్న కల్లులో అల్‌ప్రజోలమ్ వంటి నిద్రమందులు కలుపబడి యుండెను. అవి ఒక్కసారిగా ఆగిపోవుటచేత ఆ స్థితి కలిగెను. మద్యము కూడ అట్టిదే. చాలకాలము ప్రతిదినము త్రాగినవాడు హఠాత్తుగా మానినయెడల రెండు మూడు దినములలో వణకు, జ్వరము, లేనివి కనబడుట, మూర్ఛ కలుగవచ్చును. చికిత్స లేనియెడల ప్రాణము పోవచ్చును.

ఇక్కడ మా స్వంత తప్పు ఒకటి చెప్పవలసి యున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విశ్వాసి తన కుమారుని మా యొద్దకు తీసికొనివచ్చెను. ఇంటర్ చదువునప్పటినుండి త్రాగుచున్నవాడు, డిగ్రీ మధ్యలో రెండుసార్లు ఆపినవాడు, అప్పటికి ఇరువది అయిదేండ్లవాడు. ఉపవాస ప్రార్థన చేయుటకు నిశ్చయించి మందిరము ప్రక్క గదిలో అతనిని ఉంచితిమి. మూడవ రాత్రి అతడు వణకుచు, గోడమీద చీమలు పాకుచున్నవని చేతులతో దులుపుకొనసాగెను. మాలో కొందరు దయ్యమనిరి. మేమును అట్లే తలంచి స్వరమెత్తి గద్దించితిమి. సంఘములో పదవీవిరమణ చేసిన స్టాఫ్ నర్సు ఒకామె ఉన్నారు. ఆమె లోపలికి వచ్చి, అతని నాడి చూచి, "అయ్యగారూ, ఇది దయ్యం కాదు. మందు ఆపినందుకు వచ్చింది. ఇక్కడే ఉంచితే తెల్లారేసరికి బతకడు. ఆటో పిలవండి" అనిరి. ఆసుపత్రిలో ఆరు దినములు ఉంచిరి. అతడు బ్రతికెను. ఆమె ఆ రాత్రి కూడికకు రాకయుండినయెడల మేము ఈ వ్యాసము వ్రాయుచుండెడివారము కాము.

విద్యార్థి మోయుచున్న భారము

ఇంటర్మీడియట్ రెండు సంవత్సరములు మన రాష్ట్రములలో అనేకమంది పిల్లలకు తెల్లవారుజామున లేచి రాత్రి పొద్దుపోవువరకు చదువు తప్ప మరొకటి లేని కాలము. మార్కులనుబట్టి సెక్షను, సెక్షనునుబట్టి గౌరవము. సెక్షను మారి క్రిందికి పోయిన దినమున ఆ పిల్లవాడు ఇంటికి ఫోను చేసినయెడల తండ్రి అడుగు మొదటి ప్రశ్న ఏదో మనకు తెలియును. అట్టి రెండేండ్ల తరువాత అతడు ఒక్కసారిగా ఎవరును లేపని, ఎవరును అడుగని ఇంజనీరింగు హాస్టలుకు వచ్చును. తన కాలమును, తన ఆశలను తానే నడిపించుకొనుట అతనికి ఎవరును నేర్పలేదు.

మన సంఘములలోని పిల్లలకు దీనిపైన మరొక బరువు కలదు. 2008 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించిన తరువాత కూలిపని చేయు కుటుంబముల పిల్లలు వేలసంఖ్యలో ఇంజనీరింగు కళాశాలలలో ప్రవేశించిరి. ఇది దేవుడు మన తరములో చూపిన గొప్ప మేలు అని మేము నమ్ముచున్నాము. అయితే పదవ తరగతివరకు తెలుగులో చదివిన బాలుడు మొదటి సెమిస్టరులో లెక్చరరు చెప్పునది సగము కూడ అర్థముకాక కూర్చుండును. మొదటి సంవత్సరము నాలుగు సబ్జెక్టులు మిగిలిపోవును, రెండవ సంవత్సరము ఏడు. ఇంటివద్ద తల్లి ప్రార్థన కూడికలో "మా అబ్బాయి ఇంజనీరు" అని సాక్ష్యము చెప్పుచుండును. బ్యాక్‌లాగులున్నవని అతడు ఆమెకు ఎట్లు చెప్పగలడు? ప్రతి ఆదివారము ఫోనులో "బాగానే చదువుతున్నానమ్మా" అని చెప్పి, ఫోను పెట్టిన తరువాత ఆ అబద్ధపు బరువును దింపుకొనుటకు మేడమీదికి వెళ్లును. అక్కడ నలుగురు కూర్చుండి యుందురు. వారెవరును మార్కులు అడుగరు, కులము అడుగరు, ఇంగ్లీషు రాదని నవ్వరు. పొట్లము చేతులు మారును.

"చెడు స్నేహము" అని మనము తేలికగా పేరుపెట్టినది ఇదే. ఆ మేడమీది గుంపు అతనికి ఇచ్చినది మొదట సహవాసము, తరువాతనే గంజాయి. అదే పట్టణములో మన సంఘము ఉన్నది. అతడు రెండు ఆదివారములు వచ్చెను. ఏ ఊరు, ఎవరి అబ్బాయివి, ఏ బ్రాంచి, ఎంత పర్సెంటేజి అని అడిగిరి. మూడవ ఆదివారము రాలేదు.

సీనియర్ల బలవంతము మరొక ద్వారము. 1997లోనే మన రాష్ట్రములో ర్యాగింగు నిషేధ చట్టము వచ్చినను, మొదటి సిగరెట్టు, మొదటి గ్లాసు సీనియరు గదిలోనే అందుకొన్నవారు మాకు అనేకులు తెలియును. పరీక్షలకు మెలకువగా ఉండుటకు మాత్రలు, ఆ మాత్రల తరువాత నిద్రకు మరొక మాత్ర, ఈ వలయము కూడ కలదు. విద్యార్థినుల సంగతి మనము అసలు మాటలాడము. వారిలో మద్యము, నిద్రమాత్రలు, నొప్పిమాత్రలు వాడువారు లేకపోలేదు. బయటపడినయెడల పెండ్లి కాదని భయపడి మగపిల్లలకంటె లోతుగా దాచుకొందురు, చికిత్సకు మరింత ఆలస్యముగా వచ్చెదరు.

వీటన్నిటికి వెనుక ఇంకను పాతదైన గాయము ఉండవచ్చును. 1998లో అమెరికా వైద్యులు ఫెలిట్టి, ఆండా తదితరులు 9,500 మందికి పైగా పెద్దలను వారి బాల్యమును గూర్చి విచారించి ఒక అధ్యయనము ప్రచురించిరి. కొట్టబడుట, లైంగిక హింస, ఇంటిలో త్రాగుబోతు ఉండుట, తల్లి కొట్టబడుట చూచుట మొదలైన అనుభవములలో నాలుగైనను కలిగినవారికి, ఏదియు లేనివారితో పోల్చినప్పుడు మద్యపాన వ్యసనము, మాదకద్రవ్యముల వాడకము, కృంగుదల, ఆత్మహత్యా ప్రయత్నము నాలుగు మొదలు పన్నెండు రెట్లు అధికమని కనుగొనిరి. అది అన్యదేశపు లెక్క. అయినను మన బస్తీలలో, పల్లెలలో పరిచర్య చేసినవారికి అందులోని ఒక్కొక్క అంశమునకు ఒక్కొక్క ఇల్లు గుర్తుకు రాకమానదు.

పరిసరము ఎంత బలమైనదో చూపుటకు వియత్నాం యుద్ధకాలపు సంగతి ఒకటి చెప్పుదురు. అక్కడ హెరాయిన్ చవకగా దొరుకుచుండెను. అమెరికా సైనికులలో సుమారు అయిదవ వంతు దానికి బానిసలైరి. 1971లో స్వదేశమునకు తిరిగివచ్చిన సైనికులను లీ రాబిన్స్ అను పరిశోధకురాలు వెంబడించి పరిశీలింపగా, బానిసలైన వారిలో మొదటి సంవత్సరములో మరల ఆ స్థితికి వచ్చినవారు సుమారు 5 శాతము మాత్రమే. భయము, ఒంటరితనము, విసుగు నిండిన స్థలమును విడిచి ఇంటికి రాగానే చాలమందికి దాని అవసరము తీరెను. మన విద్యార్థికి ఇల్లు ఏది అన్నదే ప్రశ్న.

లేఖనము గమనించినది

గలతీయులకు వ్రాసిన పత్రిక 5:20లో శరీరకార్యముల జాబితాలో "అభిచారము" అను మాట ఉన్నది. గ్రీకు మూలములో అది ఫార్మకేయా. ఫార్మసీ అను ఆంగ్లపదము ఆ ధాతువునుండియే వచ్చెను గనుక కొందరు బోధకులు, ఇదిగో పౌలు మాదకద్రవ్యములను పేరుపెట్టి ఖండించెనని చెప్పుచున్నారు. ఈ వాదన జాగ్రత్తగా వాడవలసినది. ఆ పదమునకు మందు ఇచ్చుట, విషము పెట్టుట, మంత్రప్రయోగము అను అర్థములు కలవు. సెప్టువజింతు అనువాదములో నిర్గమకాండము 7వ అధ్యాయమున ఐగుప్తు మంత్రజ్ఞుల విద్యలకు ఇదే పదము వాడబడెను. పౌలు జాబితాలో అది విగ్రహారాధన ప్రక్కన నిలుచుట చూచినయెడల మంత్రవిద్య అను అర్థమే సరియైనది. మన తెలుగు అనువాదకులు సరిగానే వ్రాసిరి. మత్తు విషయమై మాటలాడుటకు బలహీనమైన పదవ్యుత్పత్తి అక్కరలేదు. దేనికిని లోబడనొల్లనని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6:12 చాలును.

సామెతలు 23వ అధ్యాయపు చివరి వచనములను ఒక వైద్యుని కన్నుతో చదువుడి. కారణములేని గాయములు, ఎర్రబడిన కన్నులు, లేనివి కనబడుట, ఓడ ఊగుటవంటి స్థితి, కొట్టబడినను నొప్పి తెలియకపోవుట, చివరకు మేల్కొనగానే మరల దానినే వెదకుదునను మాట. నేడు వైద్యులు వ్యసన లక్షణములుగా చెప్పు వాటిలో ముఖ్యమైనవి అందులో ఉన్నవి. అదే గ్రంథము 31:6-7లో మద్యము రాజులకు తగదని చెప్పిన వెంటనే, మనస్సు చేదైనవారు తమ పేదరికమును, శ్రమను మరచుటకు త్రాగుదురని చెప్పబడెను. ఈ వచనమును మేము త్రాగుటకు అనుమతిగా చూపుట లేదు. మనుష్యుడు ఎందుకు త్రాగునో లేఖనము ఎరిగియున్నదని మాత్రమే చూపుచున్నాము. మార్కు 15:23లో బోళము కలిపిన ద్రాక్షారసమును ప్రభువు సిలువయొద్ద పుచ్చుకొనలేదు; బాధను మొద్దుబారనియ్యక భరించెను. అయితే దానిని ఇచ్చినవారిని గద్దించినట్లు గాని, దానికొరకు చేయిచాపు బాధితులను నిందించినట్లు గాని సువార్తికుడు వ్రాయలేదు.

సంఘములో దాగియున్న కారణము

మన సాక్ష్యముల పద్ధతిని ఒకసారి పరీక్షించుకొనవలెను. వేదికమీద నిలిచి సాక్ష్యమిచ్చువాడు, ఫలాని రాత్రి ప్రభువు ముట్టెను, మరుసటి దినమునుండి ముట్టలేదు అని చెప్పును. అట్టి విడుదల దేవుడు ఇచ్చుట నిజమే, మేము చూచితిమి. కాని పదిసార్లు పడి పదకొండవసారి లేచినవాని సాక్ష్యము మన వేదికలమీద వినబడదు. కాబట్టి యూత్ క్యాంపులో చేయెత్తి తీర్మానము చేసి, మూడవ వారమున మరల గంజాయి పీల్చిన విద్యార్థి తాను రక్షింపబడలేదని నిశ్చయించుకొనును. మరుసటి సంవత్సరము మరల చేయెత్తును. ఆ మరుసటి సంవత్సరము క్యాంపుకు రాడు. సిగ్గు పెరిగెను, సిగ్గును మరపించునది ఏదో అతనికి ముందే తెలియును.

మన పిల్లలు రెండు జీవితములు జీవించుటకు చిన్ననాటినుండి అలవాటుపడిన వారని కూడ గుర్తింపవలెను. బడి సర్టిఫికెట్టులో ఒక పేరు, బాప్తిస్మములో మరొక పేరు గలవారు మనలో ఎందరో. దాని చారిత్రక కారణములు, రిజర్వేషన్ల విషయమై మన ప్రజలకు జరుగుచున్న అన్యాయము ఇక్కడ చర్చించుటలేదు. ఒక స్థలములో ఒక మనిషిగా, మరొక స్థలములో మరొక మనిషిగా నుండుట మన పిల్లలకు కష్టమైన పని కాదని మాత్రము చెప్పుచున్నాము. కాపరుల పిల్లల విషయములో ఇది మరింత నిజము. తండ్రి పరిచర్యకు మచ్చ రాకూడదని వారు దాచుదురు. తండ్రియు దాచును. ఇది చదువుచున్న సహకాపరులలో ఆ తండ్రులు ఉన్నారని మాకు తెలియును.

దాచుట వెనుక చట్టభయము కూడ ఉన్నది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద గంజాయి వాడుటకు ఆరు నెలలవరకు శిక్ష కలదు. అయితే అదే చట్టము 64ఏ సెక్షను ప్రకారము, వాడకము లేక స్వల్ప పరిమాణము కేసులో ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందముగా ప్రభుత్వ గుర్తింపుగల సంస్థలో చికిత్సకు చేరి దానిని పూర్తిచేసినయెడల అతనిని శిక్షింపరాదు. ఈ సంగతి తెలిసిన కాపరులు మాకు అరుదుగా కనబడిరి. 2017 మానసిక ఆరోగ్య చట్టము మద్యము, మాదకద్రవ్యముల వలన కలుగు మానసిక స్థితులను వ్యాధిగానే పరిగణించును. రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించును. విడుదల ప్రార్థనల పేరిట అట్లు కట్టి ఉంచు స్థలములకు మన విశ్వాసులను పంపుట ఆపవలెను. హైదరాబాదు ఎర్రగడ్డలోను విశాఖపట్టణము చినవాల్తేరులోను ప్రభుత్వ మానసిక చికిత్సాలయములు కలవు. 14446 అను జాతీయ సహాయ నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. పైన చెప్పిన 2019 సర్వేలో, మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదైన చికిత్స అందినట్లు తేలెను.

విద్యార్థి మన యొద్దకు వచ్చినప్పుడు మొదట అడుగవలసినది, ఎంతకాలమునుండి, ఏది, ఎంత, చివరిసారి ఎప్పుడు అని. ఈ నాలుగు ప్రశ్నలు అతని ప్రాణమునకు సంబంధించినవి. వైద్యునియొద్దకు ఆ రాత్రియే వెళ్లవలెనా, మరుసటి దినము వెళ్లవచ్చునా అన్నది వాటినిబట్టి తెలియును. తరువాత అడుగవలసినది, అది తీసికొనినప్పుడు నీకు ఏమి తేలికపడును అని. ఈ ప్రశ్నకు జవాబు వెంటనే రాదు. ఒక విద్యార్థి మాకు జవాబు చెప్పుటకు నాలుగు నెలలు పట్టెను. ఒప్పుకోలు విన్నవెంటనే గాయకబృందమునుండి, ఆదివార బడి బోధనుండి తొలగించుట మన సంఘములలో వాడుక. క్రమశిక్షణ అవసరము లేదని మేము చెప్పుటలేదు. అయితే దాచినవాడు బల్లమీద చేయివేయుచు, చెప్పినవాడు వెనుక కూర్చుండునట్లు మన క్రమశిక్షణ నడుచుచున్నప్పుడు, తక్కిన యౌవనస్థులు దానినుండి ఏమి నేర్చుకొనుచున్నారో ఆలోచింపుడి.

పైన చెప్పిన యువకుడు ఆసుపత్రినుండి వచ్చిన తరువాత రెండుసార్లు మరల త్రాగెను. మొదటిసారి మాకు తెలియనియ్యలేదు. అతని చెల్లెలు చెప్పెను. రెండవసారి మరుసటి ఉదయము ఆరు గంటలకు తానే ఫోను చేసెను. "అయ్యగారూ, రాత్రి మళ్లీ తాగాను. మీకు చెబుదామని" అనెను. ఎంత త్రాగితివి, ఎప్పుడు అని అడిగితిమి. చెప్పెను. ఆ నర్సమ్మగారిని వెంటబెట్టుకొని ఏడు గంటల బస్సుకు బయలుదేరితిమి.